అడవి మంటల లెక్క, 3వ పాఠం: హెక్టార్ల నుంచి టన్నులకు

పోయిన పాఠంలో కెనడాలో ఏ ఏడాది ఎంత అడవి కాలిందో ఒక్కో వరుసలో షీట్‌లో రాసుకున్నాం కదా, ఈసారి ఆ హెక్టార్లని టన్నుల్లోకి మారుద్దాం. గుణించడం ఎవరికైనా వచ్చు. ఏ అంకెతో గుణిస్తున్నాం, అదే పద్ధతిని అన్ని సంవత్సరాలకీ వాడుతున్నామా అన్నదే అసలు పని.

ముందు విస్తీర్ణం కాలమ్ ఒకసారి చూసుకోండి. 2023కి ఎదురుగా 1.8 కోట్ల హెక్టార్లు అని ఉంటే దాన్ని సుమారు 1.5 కోట్లకి మార్చండి. ఆ ఏడాది వార్తల్లో తిరిగిన పెద్ద అంకె మంట చుట్టూ గీసిన హద్దు లోపలి నేలంతటినీ లెక్కేసింది. ఆ హద్దులో చెరువులూ ఉంటాయి, మంట తగలకుండా మిగిలిపోయిన చెట్ల గుంపులూ ఉంటాయి, తర్వాత ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని అవి తీసేస్తే 1.5 కోట్ల దగ్గర తేలింది. మ్యాపులో కనిపించే ఎర్ర చుక్కల్ని మాత్రం ఎప్పుడూ విస్తీర్ణంగా వాడకండి, ఉపగ్రహం పైనుంచి వెళ్లిన క్షణంలో అక్కడ వేడి ఉందని మాత్రమే అవి చెబుతాయి.

ఇక సూత్రం. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల బృందం ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదే, చాలా దేశాలు దీన్నే వాడతాయి: కాలిన హెక్టార్లు × హెక్టారుకి నిజంగా కాలిపోయిన పొడి సరుకు (టన్నుల్లో) × కిలో సరుకు కాలితే వచ్చే వాయువు (గ్రాముల్లో), మొత్తాన్ని వెయ్యితో భాగిస్తే టన్నులొస్తాయి. సరుకంటే చెట్లు మాత్రమే కాదు, రాలిన ఆకులు, పడిపోయిన మొద్దులు, నేల మీది నాచు కూడా. కెనడా లాంటి ఉత్తరాది అడవులకి ఆ మార్గదర్శకాలిచ్చే సగటు హెక్టారుకి 41 టన్నులు. కిలోకి కార్బన్ డయాక్సైడ్ 1569 గ్రాములు, మీథేన్ 4.7, నైట్రస్ ఆక్సైడ్ 0.26.

ఒక్క హెక్టారుకి చేసి చూడండి. 41 × 1569 ÷ 1000, అంటే 64.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మీథేన్ 0.193 టన్నులే వస్తుంది, కానీ వందేళ్ల లెక్కన అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పెంచుతుంది, అందుకని 28తో గుణిస్తే 5.4 అవుతుంది, అలాగే నైట్రస్ ఆక్సైడ్‌ని 265తో గుణిస్తే ఇంకో 2.8. మొత్తం కలిపి 72.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. చాలామంది ఈ చిన్న వాయువుల్ని వదిలేస్తారు, వదలకండి. మళ్లీ పెరిగే అడవి కార్బన్ డయాక్సైడ్‌ని ఏళ్ల తరబడి వెనక్కి తీసుకోగలదు, ఈ రెండింటినీ అలా తీసుకోలేదు.

ఇప్పుడు 1.5 కోట్ల హెక్టార్లతో గుణిస్తే 2023కి కార్బన్ డయాక్సైడే సుమారు 96 కోట్ల టన్నులు. ఇక్కడ కాసేపు ఆగుదాం. అదే మంటల మీద 2024లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఉపగ్రహాలు గాలిలో చూసిన కార్బన్ మోనాక్సైడ్ నుంచి వెనక్కి లెక్కగట్టి, మే నుంచి సెప్టెంబరు దాకా 64.7 కోట్ల టన్నుల కార్బన్ వెళ్లిందని అంచనా వేసింది. అది మనకంటే తక్కువేమో అనిపిస్తుంది, కాదు, అది కార్బన్ బరువు. కార్బన్ డయాక్సైడ్ అణువు బరువు 44, అందులో కార్బన్ 12, కాబట్టి 44ని 12తో భాగిస్తే వచ్చే 3.67తో గుణించండి, 237 కోట్లవుతుంది. మన లెక్కకి దాదాపు రెండున్నర రెట్లు! ఏ రిపోర్టు చదివినా యూనిట్ దగ్గర ముందు చూడమని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

మరి అంత తేడా ఎందుకొచ్చింది? పెద్ద అనుమానం ఆ 41 మీదే. అది ఎక్కడెక్కడో కొలిచినవాటి సగటు, దాని చుట్టూ అనిశ్చితి చాలా ఎక్కువ, పైగా 2023 విపరీతమైన వేడి, కరువు ఉన్న ఏడాది. ఈ అడవుల్లో కార్బన్ చాలావరకు నేలలోనే, కుళ్లీ కుళ్లని ఆకుల పొరలో, పీట్‌లో (తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న సగం కుళ్లిన మొక్కల పొర) ఉంటుంది, అది ఎండితే మంట కిందికి దిగి వారాల తరబడి రగులుతూనే ఉంటుంది. మన నల్లమలలో మంట ఎక్కువగా ఎండుటాకుల్నీ గడ్డినీ కాల్చుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ 41 అసలు పెట్టకూడదు, వేరే అంకె కావాలి.

అలాగని 2023కి మాత్రం పెద్ద అంకె తెచ్చి అతికించేస్తే మీ గ్రాఫు మొత్తం పాడవుతుంది. పద్ధతి మారిస్తే మొదటి సంవత్సరం నుంచీ మార్చాలి. ఉపగ్రహాలకీ ఇదే నియమం: 2000 నుంచి మోడిస్ అనే ఉపగ్రహ పరికరంతో లెక్కేసుకుంటూ వచ్చి, 2012లో ఇంకా చిన్న మంటల్ని కూడా పట్టగల విర్స్ అనే కొత్త పరికరానికి మారిపోతే, ఆ ఏడాది మంటలు హఠాత్తుగా పెరిగినట్టు కనిపిస్తుంది, అడవిలో ఏమీ మారకపోయినా.

ఇంకో కాలమ్ కూడా పెట్టుకోండి, ప్రభుత్వం ప్రకటించేది. కెనడా 2023 అధికారిక ఉద్గారాలు దాదాపు 70 కోట్ల టన్నులు, కార్చిచ్చు అందులో లేదు. మనుషుల నిర్వహణలో ఉన్న అడవినే ఆ దేశం లెక్కిస్తుంది, అందులోనూ ప్రకృతి వైపరీత్యాల వాటాని పక్కన పెడుతుంది. నియమాలు దానికి ఒప్పుకుంటాయి. కానీ ఆ ఒక్క అంకె చూసి పొగలో ఊపిరాడక కిటికీలు మూసుకున్న టొరంటోలోని మనవాళ్లకి గాని ఇంకెవరికైనా గాని ఆ ఏడాది ఏం జరిగిందో అర్థం కాదు. రెండూ పక్కపక్కనే చూపించి, ఏది ఏమిటో కింద రాయడమే న్యాయమని నేను నమ్ముతాను.

వచ్చే పాఠానికి ముందు ఇది చేయండి: 2020, 2023 వరుసలకి ఒకసారి 41తో, ఒకసారి 80తో లెక్కగట్టి, రెండు సంవత్సరాల మధ్య నిష్పత్తి మారిందేమో చూడండి. మారదు. ఎందుకు మారలేదో, నిజానికి మారాలా వద్దా అన్నది రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి, కాలిన చోట మళ్లీ పెరిగే చెట్ల లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం.