ఊళ్లో పిల్లలకు యానిమేషన్ నేర్పే ముందు జాగ్రత్తలు

ఉదయగిరి చెక్క గరిటెలకు కళ్లూ ముక్కూ గీసి నడిపిద్దామంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. బొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ ఫోన్‌తో ఒక్కో ఫొటో తీసి, అన్నీ వరసగా ఆడిస్తే అది నడిచినట్టే ఉంటుంది. మన నెల్లూరు జిల్లా వస్తువే, చేతికి కొత్త కాదు. కానీ ముందు రోజే ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముఖ్యం వెలుగు. కిటికీ వెలుగును నమ్ముకోవద్దు. మబ్బు పట్టిందంటే ఫొటోకూ ఫొటోకూ తేడా వచ్చి బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. కిటికీ మూసి రెండు ఎల్ఈడీ బల్బులు పెట్టండి. కొన్ని చవక బల్బుల వెలుగు కెమెరాలో అదురుతుంది, ఒకసారి తీసి చూడండి. ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) మారకుండా లాక్ చేయాలి. ఫ్యాన్ గాలికి కాగితం బొమ్మలు కదులుతాయి కాబట్టి షూటింగ్‌లో ఆపక తప్పదు. మే ఎండల్లో పిల్లలు అల్లాడిపోతారు. అందుకే పొద్దున 7 గంటలకు మొదలుపెట్టి 10 కల్లా ముగించండి. మైనపు బొమ్మలు కూడా ఆ వేడికి మెత్తబడతాయి.

• ఫోన్ పెట్టిన స్టాండ్ కాళ్లను టేపుతో నేలకు అంటించండి. ఒకసారి ఒక పాప మోచెయ్యి తగిలి స్టాండ్ జరిగింది, అప్పటికి తీసిన 70 ఫొటోలూ పోయాయి. ఆ పాప ఏడ్చింది. టేపు వేయకపోవడం నా తప్పు.

• సెకనుకు 12 ఫొటోలు చాలు. 10 సెకన్లకు 120. జట్టుకు అంతకు మించి పెట్టొద్దు.

• ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. పవర్ బ్యాంక్ మరవొద్దు.

• పిల్లల ముఖాలు కనిపించేలా తీస్తుంటే అమ్మానాన్నల అనుమతి కాగితం మీద తీసుకోండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించాకే సంతకం అడగండి.