ఐపీఏలు రుచి చూసేటప్పుడు నాలుక మొద్దుబారకుండా

నాలుగు రకాల ఐపీఏలు (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీర్లు) వరసగా రుచి చూస్తే రెండోదానికే నాలుక మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత అన్నీ ఒకటే చేదు, వేసిన మార్కులకు అర్థం ఉండదు.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. క్యాన్లు 10 నిమిషాల ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెడతాను, మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు. ఒక్కోటి 60 మి.లీ. మాత్రమే పోసుకుంటాను. 5.6 శాతం ఆల్కహాల్ ఉన్న సియెర్రా నెవాడా పేల్ ఏల్ లాంటి తేలికదానితో మొదలుపెట్టి, 8 శాతం ఉన్న ప్లైనీ ది ఎల్డర్ లాంటి డబుల్ ఐపీఏని ఆఖరికి ఉంచుతాను. గ్లాసు తిప్పి ముందు వాసన చూసి, గుక్క వేయకముందే తోచిన మాట రాసేస్తాను. కాస్కేడ్ హాప్స్ (హాప్స్ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు, కాస్కేడ్ వాటిలో ఒక రకం) అయితే పంపరపనస తొక్క గిల్లినట్టే ఉంటుంది, భలే వాసన! మధ్యమధ్యలో ఉత్త బ్రెడ్డు ముక్క, మంచినీళ్ళు. కారం జోలికి వెళ్ళను, చేదు మరీ మండుతుంది. అన్నీ అయ్యాక మొదటిదాన్ని ఇంకో గుక్క తాగి మార్కులు సరిచూసుకుంటాను.

ఒక్కటి, క్యాన్ అడుగున ప్యాకింగ్ తేదీ చూడండి. మూడు నెలలు దాటితే హాప్స్ వాసన తగ్గిపోతుంది, అప్పుడు ఏ వరసలో తాగినా దానికి న్యాయమైన మార్కు పడదు.