కిత్తనారతో పీఎల్ఏ పలక: తడి పోగొడితేనే పట్టు

తిరుపతి, చిత్తూరు పల్లెల్లో పొలం గట్ల మీద పెరిగే కిత్తనార ఆకు బరువులో నార నూటికి 3–4 వంతులే. ఈ నారను పీఎల్ఏతో (మొక్కజొన్న వంటి పంటల పిండి, చక్కెరల నుంచి చేసే ప్లాస్టిక్) కలిపి 20×20 సెం.మీ. కొలతతో 3 మి.మీ. మందం పలక చేయాలంటే 2 కిలోల ముదురు ఆకులు కోసుకోండి. రసం తగిలినచోట దురద, గ్లవ్స్ తప్పనిసరి. ఆకును బల్ల మీద పరిచి మొద్దుకత్తితో గీరితే గుజ్జు పోయి నార మిగులుతుంది. కుంటలో నానబెట్టవచ్చు గానీ, ఎక్కువ రోజులు ఉంచితే నార కూడా కుళ్లి బలం పోతుంది.

60 గ్రాముల ఎండునారకు 1.2 లీటర్ల నీళ్లు, 60 గ్రాముల కాస్టిక్ సోడా. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. ప్లాస్టిక్ బకెట్ వాడండి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది. నార అందులో 3 గంటలు నానితే చాలు. నార మీది మైనం, జిగురు పోయి ప్లాస్టిక్ పట్టుకుంటుంది. రాత్రంతా వదిలేస్తే నారే పెళుసవుతుంది. ఎర్ర లిట్మస్ కాగితం నీలం తిరగడం ఆగేవరకు కడిగి, చివరి నీళ్లలో చెంచాడు వెనిగర్ కలపండి.

అసలు గండం తడి. నార 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా, పీఎల్ఏ గుళికలు అదే వేడిలో 4 గంటలు ఆరాలి. వేడి మీద తడి తగిలితే పీఎల్ఏ అణువుల పొడవాటి గొలుసులు తెగి పలక బిస్కెట్‌లా విరుగుతుంది, లోపల బుడగలూ మిగులుతాయి. నవంబరు వానల్లో ఓవెన్‌లోంచి తీసిన నారను బల్ల మీద పెట్టి టీకి వెళ్లకండి, నేరుగా అచ్చులోకే.

గుళికలను ముందు హాట్ ప్రెస్‌లో (వేడి పలకల మధ్య నొక్కే యంత్రం) ఒక్కొక్కటి 28 గ్రాముల చొప్పున నాలుగు పలుచని రేకులుగా నొక్కుకోండి. వాటి మధ్య మూడు వరసలుగా 47 గ్రాముల నార, నడిమి వరస అడ్డంగా. పైనా కిందా టెఫ్లాన్ షీటు. 175 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఊరికే ఆనించి, ఒకసారి వదిలి గాలి పోనిచ్చి, 8 టన్నుల ఒత్తిడితో మరో 5 నిమిషాలు. 200 దాటితే నార మాడి గోధుమరంగు తిరుగుతుంది. ఒత్తిడి తీయకుండానే 50 కిందికి చల్లార్చండి, లేకపోతే పలక వంకర పోతుంది.

విరిచి చూడండి: నారపోగులు నున్నగా ఊడి వస్తే సోడా పని సరిగ్గా జరగలేదు.

పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాబట్టి మే ఎండలో మూసి ఉంచే కారు లోపలి భాగాలకు ఇది పనికిరాదు. పెరట్లో పాతినా త్వరగా కరగదు. దాదాపు 58 డిగ్రీల వేడి, తడి నిలిచే పెద్ద కంపోస్టు యూనిట్ కావాలి. అమ్మేవాళ్లు లేబుల్ మీద ఆ మాట కూడా రాయాలి.