ఊరి నీళ్లు ఎంత వాడుకోవాలో ఊరే తేల్చుకోవడం ఎలా

"సుస్థిరాభివృద్ధి" అన్న మాట కాగితం మీద చదివితే ఎవరికీ ఏమీ పట్టదు. 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ దానికి అర్థం చెప్పింది: రేపటి తరాలు తమ అవసరాలు తీర్చుకునే దారి మూసేయకుండా, ఈ రోజు మన అవసరాలు తీర్చుకోవడం. మంచి మాటే. కానీ అనంతపురం జిల్లాలో ఎండిపోయిన బోరు పక్కన నిలబడి ఆలోచిస్తే ఎవరి అవసరం, ఏ అవసరం, ఎన్నేళ్ల పాటు అన్నవి అందులో దొరకవు. అవి ఊళ్లోనే కూర్చుని తేల్చుకోవాలి. ఎలాగో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

ముందు ఎవరిని పిలవాలి? మా ఊళ్లో మొదటిసారి కూర్చున్నప్పుడు బోర్లున్న వాళ్లమే వెళ్లాం. గంటసేపు మోటార్లు, కేబుళ్లు, ఎవరిది ఎన్ని అడుగులు అన్నదే మాట. నీళ్లు పట్టుకోవడానికి అటు వచ్చిన ఒకామె వెనక నిలబడి, "మీ మోటార్లన్నీ ఆడితే మా కొళాయికి నీళ్లు రావు, ఆ లెక్క ఎక్కడ రాశారన్నా?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే భూమి లేని వాళ్లు, గొర్రెలు మేపేవాళ్లు, ఆడవాళ్లు, వానమీదే శెనక్కాయ వేసేవాళ్లు రాకపోతే కూర్చోవద్దు. కూలికి పోయేవాళ్లు రావాలంటే సాయంత్రం ఏడు తర్వాతే పెట్టుకోవాలి.

రెండోది కొలత. ఇది మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2000 తర్వాతి దశాబ్దంలో ఏపీఫామ్‌జీఎస్ అనే, రైతులే తమ భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టులో అనంతపురం, కడప, కర్నూలు సహా ఏడు జిల్లాల రైతులు వానమాపకంలో వాన కొలిచారు, ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం ఎప్పటికప్పుడు రాసిపెట్టారు, రబీ విత్తకముందే పంటల నీటి లెక్క వేసుకున్నారు. ఆ లెక్క ఎవరినీ బలవంతపెట్టలేదు. కానీ గోడమీద అంకెలు కనిపించాక చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. మీ బోరు ఎంత పోస్తుందో తెలుసుకోవాలంటే 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో గడియారం చాలు. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు, అంటే తొమ్మిది గంటల కరెంటుకు రోజుకు దాదాపు 65 వేల లీటర్లు.

ఇక నీటి ఆదాయం లెక్క, అంటే ఏటా నేలలోకి ఎంత చేరుతుందో. మన దగ్గర ఏడాదికి వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. మన రాతినేలలో అందులో నూటికి పది పాళ్లు లోపలికి ఇంకుతుందనుకుంటే 55 మిల్లీమీటర్లు, ఎకరానికి రెండు లక్షల ఇరవై వేల లీటర్ల పైచిలుకు. ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు పెడితే దాదాపు 22 ఎకరాల ఊట, అంటే అన్ని ఎకరాల్లో ఇంకిన నీళ్లు, ఆ ఒక్క మడిలోకే పోతుంది. శెనక్కాయకు 500 పెట్టినా తొమ్మిది ఎకరాల ఊట. మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ ఇంకుతుంది, నిజమే, అయినా తేడా ఎంతో కళ్లముందు కనబడుతుంది. ఈ లెక్కను పెద్దగా రాసి రచ్చబండ దగ్గర పెట్టండి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. లెక్క ఎంత ఉందో చెప్తుందే గానీ, ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పదు. తాగునీళ్లు మొదట అన్నదానికి అందరూ తలూపుతారు. ఆ తర్వాతే గొడవ. పదేళ్లు పెంచిన చీనీ (బత్తాయి) తోటను ఒక్క ఎండాకాలం వదిలేస్తే చెట్టు పోతుంది, వరి అయితే వచ్చే ఏడాది మళ్లీ వేసుకోవచ్చు. అలాగని ఉన్న తోటలన్నిటికీ నీళ్లు రాసిచ్చేస్తే, తోట పెట్టలేని పేద రైతుకు ఎప్పటికీ వంతు రాదు. నా మటుకు నాకు ఉన్న చెట్లను డ్రిప్పు మీద బతికించి, కొత్త తోటలు ఆపి, మిగిలిన దాంట్లో బోరు లేని రైతుల శెనక్కాయకు ఎండు రోజుల్లో ఒకటో రెండో తడులు ఇవ్వడమే న్యాయం అనిపిస్తుంది. మన జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోర్లున్నవాళ్లు, లేనివాళ్లు కలిసి పైపులైను వేసుకుని, కొత్త బోర్లు ఇక వేయబోమని మాటిచ్చుకుని ఇలా నడిపారు. మీ ఊరు వేరేలా తేల్చుకోవచ్చు, కానీ ఆ తేల్చుకోవడం అందరి ముందే జరగాలి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండకూడదని అందులో రాసిన ఆరు దోషాల్లో, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం ఇంకొకటి. ఊట కూడా గట్టు దాటి పోతుంది కాబట్టి పక్క ఊరి వాళ్లనూ రెండో సమావేశానికి పిలవండి, లేకపోతే మీరు ఆపిన నీళ్లు వాళ్ల కొత్త బోర్లు లాగేస్తాయి.

ఒప్పందం కుదిరాక గ్రామసభలో తీర్మానం రాయించండి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ఎలాగూ ఉంది, కొత్త బోరుకు అనుమతి కావాలి, ఊరందరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా వేయకూడదు. మీ తీర్మానం దానికి అదనం. మొదటి ఏడాది ఒక్క నియమమే పెట్టుకోండి, పది పెడితే ఏదీ నిలవదు. బోరున్న వాళ్లే తప్పును తేల్చే కమిటీ కాకూడదు, సగం మంది బోరు లేనివాళ్లు ఉండాలి.

ఇదంతా ప్రతి ఏడూ అక్టోబరులో, రబీ విత్తనాలు కొనకముందే మళ్లీ చేయాలి. చెరువు నిండి మరువ (అలుగు) పారిన ఏడు లెక్క వేరు, మరువ ఊసే లేని ఏడు లెక్క వేరు. విత్తనాలు కొన్నాక సభ పెడితే ఎవరూ వెనక్కి తగ్గరు, మేం ఒకసారి నవంబరులో పెట్టి ఆ ఏడాదంతా పోగొట్టుకున్నాం.