ఒళ్లు బిగుసుకోవడం దేనికి కాపలా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్లమీద రాత్రి కాపలా పడుకునేవారికి చక్రాలు తిప్పి నీటిలో గాలి కలిపే ఏరియేటర్ చప్పుడే జోలపాట. రాత్రంతా నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అడుగంటుతుంది కనుక, ఆ చప్పుడు ఆగితే ఎంత గాఢనిద్రలో ఉన్నా ఉలిక్కిపడి లేస్తారు. కరెంటు వచ్చి చక్రాలు మళ్లీ తిరిగినా దవడ బిగిసే ఉంటుంది, భుజాలు దిగవు.

ఈ బిగువునే టెన్షన్ అని తిట్టుకుంటాం. నిజానికి అది రోగం కాదు. అపాయం తోచగానే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు సిద్ధమవుతాయి. చిక్కల్లా, కాపలా ఎప్పుడు దిగాలో ఒంటికి తెలియకపోవడమే. అందుచేత దాన్ని తరిమే ముందు అది దేన్ని కాస్తున్నదో కనుక్కోవాలి.

ముందుగా బిగువు ఎక్కడుందో వెతకండి: నుదురు, దవడ, మెడ, పిడికిళ్లు, పొట్ట. నాలుక అంగిలికి అదిమిపెట్టి ఉందేమో కూడా చూసుకోండి. చాలామందికి అది తట్టనే తట్టదు. తరువాత మనసులో ఉన్న భయాన్ని ఒక్క వాక్యంలో కాగితంమీద రాయండి. "జనరేటర్‌లో డీజిల్ లేదు" అని వస్తే, లేచి డీజిల్ పోయించడమే మందు. "వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్యల) ధర పడిపోతుందేమో" అని వస్తే, ఆ రాత్రికి చేయగలిగినది లేదు. (ఊపిరి ఎంత నిదానంగా వదిలినా ధర పెరగదు, అది వేరే సంగతి.)

ఈ రెండో రకం బిగువుకు అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ 1929లో పుస్తకంగా వెలువరించిన పద్ధతి నుంచి పుట్టిన అభ్యాసం పనికివస్తుంది. కుడి పిడికిలిని ఐదారు సెకన్లు, నొప్పి పుట్టనంతగా బిగించి, ఒక్కసారిగా వదిలి, అర నిమిషంపాటు ఆ తేడాను మాత్రమే గమనించండి. తరువాత ఎడమ పిడికిలి, భుజాలు, దవడ, పొట్ట, చివరగా కాళ్లు. దెబ్బ తగిలిన భాగాన్ని వదిలేయండి. వదులు కావాలని పట్టుబట్టకండి. ఆ పట్టుదలా బిగువే. తొలి రోజుల్లో ఏమీ తెలియకపోయినా అది మామూలే.

ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే ఇవేవీ చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, బతుకు విసుగనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఒక్క జాగ్రత్త: గట్టుమీద కాపలా ఉన్నంతసేపు ఈ అభ్యాసం వద్దు. అప్పుడు ఒళ్లు మేలుకొని ఉండటమే మంచిది. వంతు మారి, టార్చిలైటు రెండోవారి చేతికి ఇచ్చాకే పిడికిలి బిగించి వదలండి.