క్రోన్స్‌కి మందు వాడుతూ ఎం.ఆర్. ఎంటరోగ్రఫీకి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

క్రోన్స్ అంటే పేగులో వాపు తెచ్చే దీర్ఘకాలపు జబ్బు, ఎం.ఆర్. ఎంటరోగ్రఫీ అంటే పేగుని చూసే ఎంఆర్ఐ స్కాన్. మందు మొదలెట్టిన కొన్ని నెలలకి రాసే ఈ స్కాన్ జబ్బు ఉందో లేదో తేల్చడానికి కాదు. మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటని పేగు గోడ మీకు ఎంత మందం ఉండేది, ఇప్పుడెంతకి దిగింది, ఎక్కడైనా ఇరుకు పడిందా అని పాత స్కాన్‌తో పోల్చడానికి. నొప్పి తగ్గినా లోపల వాపు మిగిలి ఉండొచ్చు. అందుకే పాత రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సీడీ కూడా పట్టుకెళ్ళండి.

అన్నిటికంటే ముందు కిడ్నీ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపువాళ్ళు దీన్ని అసలు వదలకూడదు. ఈ ఊళ్ళున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు చాలామందికి పైకి ఏమీ తెలియకుండానే ముదురుతుంది. పైగా పేగువాపుకి వాడే మెసలమిన్ కూడా అరుదుగా కిడ్నీని దెబ్బతీస్తుంది. స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి నరానికి ఎక్కించే గాడోలినియం మందు బయటికి పోవాల్సింది కిడ్నీలోంచే. కాబట్టి క్రియాటినిన్ రక్తపరీక్ష కొత్తగా చేయించి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తుందో చెప్పే అంకె) ఎంతో అడగండి. క్రియాటినిన్ 1.2 అంటే పాతికేళ్ళ కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 85 దాకా ఉంటుంది, అరవయ్యేళ్ళ ఆడమనిషికి అదే అంకెకి 50 దగ్గరే. ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉంటే ఆ ఇంజెక్షన్ సంగతి డాక్టరు, రేడియాలజిస్టు మాట్లాడుకుని తేల్చాలి. ఈలోగా నొప్పికని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని మింగొద్దు. అది కిడ్నీకీ చెరుపే, పేగుకీ చెరుపే.

ముందురోజు చోడి అంబలి, ఆకుకూరలు, పనసతొనలు, గింజలు మానేసి తెల్లన్నం, పలచటి మజ్జిగతో సరిపెట్టుకోండి. పేగులో మిగిలిన పిప్పి స్కాన్‌లో గడ్డలా కనబడి తికమక పెడుతుంది. స్కాన్‌కి 6 గంటల ముందునుంచి తిండి వద్దు. స్టెరాయిడ్ మాత్ర మాత్రం మానొద్దు, గుక్కెడు నీళ్ళతో వేసుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఆ పూట డోసు అడిగి తెలుసుకోవాలి.

స్కాన్ ఎక్కువగా పాడయ్యేది తాగే దగ్గరే. మానిటాల్ కలిపిన తియ్యటి నీళ్ళు లీటరు నుంచి లీటరున్నర దాకా, 45 నిమిషాల నుంచి గంటలో తాగాలి. ఎనిమిది, పది నిమిషాలకో గ్లాసు చొప్పున తాగితే సాఫీగా దిగుతుంది. గబగబా పట్టిస్తే వాంతి అవుతుంది. మధ్యలో ఆపేస్తే పేగు సరిగ్గా ఉబ్బదు, ముడుచుకున్న పేగు గోడ లేని మందం చూపిస్తుంది. మందు పనిచేయలేదన్న పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఈమధ్య కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాసు కూడా పోకుండా ఉంటే మొదటి గ్లాసు పట్టుకోకముందే చెప్పండి.

పేగు కదలిక ఆపడానికి ఇంజెక్షన్ ఇస్తారు. గ్లకోమా, ప్రోస్టేట్ వాపు, గుండెదడ ఉంటే ముందే చెప్పాలి. కాసేపు చూపు మసకగా ఉండొచ్చు, బండి నడపొద్దు. పేస్‌మేకర్, పాత ఆపరేషన్ క్లిప్పులు, గర్భం సంగతీ దాచొద్దు. మెట్టెలు, మొలతాడుకున్న తాయెత్తు, చీర కుచ్చిళ్ళలో మర్చిపోయిన పిన్నీసు తీసేయండి. తీసేయాల్సిన వాటిలో పిన్నీసే ఎక్కువ ప్రమాదం, స్కాన్ మెషిన్‌లోని అయస్కాంతం లాగేస్తుంది.

అయ్యాక చాలామందికి విరేచనాలు అవుతాయి. వెంటనే ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళి ఇచ్ఛాపురం బస్సెక్కేయకండి. రెండు మూడు గంటలు ఆగి, ఓఆర్‌ఎస్ తాగి బయల్దేరండి.