గుండె సీటీ స్కాన్‌కు బయలుదేరే ముందు

శ్రీకాకుళం నుంచి విశాఖకు స్కాన్ కోసం వెళ్లేవారు ముందురోజే చూసుకోవలసినవి:

• ఏ స్కాన్ రాశారో కనుక్కోండి. గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే కాల్షియం స్కోరుకు సూదిమందు ఉండదు. రక్తనాళాల బొమ్మ తీసే సీటీ యాంజియోగ్రామ్‌కు అయోడిన్ కలిసిన రంగుమందు నరంలోకి ఎక్కిస్తారు.

• రంగుమందు ఉంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ఉద్దానం వారికి ఇది మరీ ముఖ్యం. కవిటి, సోంపేట వైపు మధుమేహం లేనివారికీ కిడ్నీ జబ్బు వస్తోంది కాబట్టి ‘నాకేం, బాగానే ఉన్నాను’ అన్న ధీమా చాలదు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి.

• ముందురోజు నుంచే కాఫీ, టీ మానేయాలి. ఆమదాలవలస స్టేషన్‌లో టీ వాసనకు మనసు లాగుతుంది, నిజమే. కానీ గుండె నిమిషానికి 60 దరిదాపుల్లో కొట్టుకుంటేనే రక్తనాళాల బొమ్మ స్పష్టంగా వస్తుంది.

• అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వేసుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. స్కాన్‌లో నాలుక కింద ఇచ్చే నైట్రోగ్లిజరిన్‌తో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

• ఉబ్బసం, అలర్జీ, గర్భం ఉంటే చెప్పాలి.

• కాల్షియం స్కోరు సున్నా వచ్చినా రక్తనాళాల్లో గట్టిపడని కొవ్వు పూడిక ఉండవచ్చు.

• ఇప్పుడే ఛాతీ నొప్పిగా ఉంటే స్కాన్ సంగతి వదిలేసి 108కి ఫోను చేయండి.